తాళంచెవి ఎవరి దగ్గరుంది?

మా కాలనీలో ఒక కమ్యూనిటీ హాలుంది. నున్నటి పాలరాతి గచ్చు, 8 ఫాన్లు, ముందర చిన్న వేదిక, వేదిక వెనక గోడమీద వీణ పట్టుకుని సరస్వతీదేవి. ఆ హాలుకో తాళం. ఆ తాళానికో చెవి. ఆ చెవి మా కాలనీ సంఘం కార్యదర్శిగారింట్లో, దేవుడి గూట్లో, కుంకుమ భరిణె పక్కన పవిత్రంగా ఉంటుంది.

ఏడాదికి 365 రోజులుంటే ఆ హాలు తెరిచేది మహా అయితే 30 రోజులు. వినాయక చవితి ఉత్సవాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ బహుమతులు, రెండు మూడు సీమంతాలు, పిల్లల పుట్టినరోజులు, మన ఆడవాళ్ళ నెలనెలా చీటీపాటలు. మిగతా రోజులన్నీ పాపం సరస్వతీదేవి చీకట్లో ఒక్కతే కూచుని వీణ వాయించుకుంటుంది. వినేవి బల్లులు.

పోయిన నెల సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చేశారు. "సభ్యులు కానివారు హాలులో ప్రవేశించరాదు." ఒక్క వాక్యం. చదవడానికి పట్టింది అర నిమిషం. ఆ వెంటనే చప్పట్లు. తర్వాత పకోడీలు.

చప్పట్లు కొట్టినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. అందుకే ఈ నాలుగు ముక్కలూ మగవాళ్ళకి కాకుండా మీకు రాస్తున్నాను. కోపం వస్తే రానివ్వండి. మా వీధిలో ఇప్పటికే కొందరు నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు, ఇంకో నలుగురు కలిస్తే నాకొచ్చే నష్టం లేదు.

ఇంతకీ ఆ సభ్యులు కానివారెవరో చెప్పలేదు కదూ? కాలవ అవతలి పేటలో ఉండే ఆడవాళ్ళు. పొద్దున్న 6 గంటలకి మన గేటు తీసుకుని వచ్చి, మన వంటింట్లోకి, పడగ్గదిలోకి, ఆఖరికి దేవుడి గదిలోకి కూడా చీపురుతో సహా ప్రవేశించేవాళ్ళే. వాళ్ళు ప్రవేశించకూడనిది ఆ హాల్లోకి మాత్రమే!

కథ మొదటినుంచీ చెప్తాను. ముందుగా నా తప్పుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే శ్రీరంగనీతులు చెప్పేవాళ్ళంటే నాకూ పడదు.

మా ఇంట్లో పనిచేసే ఆమె ఒకరోజు కొంగులోంచి మడతపెట్టిన కాగితం తీసి, "ఇందులో ఏముందో చూడమ్మా, మా డ్వాక్రా సంఘంలో ఇచ్చినారు, వేలు ముద్దరెయ్యమంటా ఉండారు" అంది. చదివి చెప్పాను. అప్పు కాగితం. ఎంత అప్పో, ఎన్ని వాయిదాలో ఆమెకి తెలుసుగానీ, కాగితంమీద కూడా అదే ఉందో లేదో తెలియదు. అదీ ఆమె భయం. కాగితం మడిచి కొంగులో పెట్టుకుంటూ, "నాక్కూడా చదవటం నేర్పీకూడదా అమ్మా?" అంది.

నేనేమన్నానో తెలుసా? "చూద్దాంలే" అన్నాను.

ఆ "చూద్దాంలే"కి నాలుగేళ్ళు నిండాయి. ఈ నాలుగేళ్ళలో నేను రెండు నవలలు రాశాను. అందులో ఒకదాంట్లో నాయిక పనిమనిషే. రాత్రిళ్ళు లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దుకుని, తన కాళ్ళమీద తను నిలబడుతుంది. పాఠకురాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నామని ఉత్తరాలు రాశారు. నేను మురిసిపోయి ఆ ఉత్తరాలన్నీ దాచుకున్నాను. ఒకరోజు మా ఆమె బల్లమీది పుస్తకాలు దులుపుతూ ఆ నవల చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇదేందమ్మా, లోపల బొమ్మ ఒక్కటన్నా లేదే!" అని మళ్ళీ అక్కడ పెట్టేసింది.

నా నవల్లో పనిమనిషి చదువుకుంది. నా ఇంట్లో పనిమనిషి ఆ నవలమీద దుమ్ము తుడిచింది. బి.ఏ. డిగ్రీ, పాతికేళ్ళ రచనా వ్యాసంగం, అన్నీ కలిపి నాకా క్షణంలో తలెత్తుకోడానికి పనికిరాలేదు.

ఆ సాయంత్రమే కార్యదర్శిగారి భార్యనడిగి తాళంచెవి తెచ్చుకున్నాను. ఆవిడ మంచిమనిషి, కాదనలేకపోయింది. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరనుంచి నాలుగు వరకూ. ఆ వేళే ఎందుకంటారా? పొద్దుటి పనులయ్యి, సాయంకాలం పనులకి వెళ్ళేలోపు వాళ్ళ సొంతమయ్యేది ఆ గంటన్నరే. రాత్రి బడులు పెడితే మొగుడూ పిల్లలూ అన్నానికి ఎదురుచూస్తుంటారు. ఆ సంగతి నాకు తెలియలేదు, వాళ్ళే చెప్పారు. గురువుగారికి మొదటి పాఠం అదన్నమాట.

మొదటి రోజు ఆరుగురు. నెల తిరిగేసరికి పద్నాలుగుమంది, వాళ్ళ వెంట చంకపిల్లలు. అ ఆ ఇ ఈలతో మొదలుపెట్టలేదు. ఎవరి పేరు వాళ్ళు రాసుకోవడంతో మొదలుపెట్టాం. తర్వాత కూతుళ్ళ పేర్లు. తర్వాత రేషన్ కార్డుమీది మాటలు, బస్సు బోర్డులు, మందు సీసాలమీది కాగితాలు. అరగంట రాసేసరికి వేళ్ళు నొప్పులు పుట్టేవి. అంట్లు తోమిన వేళ్ళకి పలకపుల్ల బరువా అని నవ్వేదాన్ని. "పెద్ద బరువమ్మా" అనేవాళ్ళు. వేళ్ళు నొప్పి పుడితే పాటలు. ఒకావిడ గొబ్బి పాట ఎత్తుకుంటే మిగతా పదముగ్గురూ అందుకునేవారు. సరస్వతీదేవి ఆ హాల్లోకి వచ్చాక మొదటిసారి మంచి కచేరీ విన్నదని నా నమ్మకం.

సరిగ్గా రెండు నెలలు సాగింది. తర్వాత అభ్యంతరాలు మొదలయ్యాయి.

మొదటి అభ్యంతరం చెప్పులు. ఎవరివో కొత్త చెప్పులు హాలు గుమ్మం దగ్గర పోయాయి. పేటవాళ్ళు వస్తున్నారు కాబట్టి ఎవరు తీశారో వేరే చెప్పక్కర్లేదట. మూడోరోజు జనరేటరు వెనక దొరికాయి. లాక్కుపోయింది మా కాలనీ వాళ్ళ పెంపుడు కుక్క. దానికి సభ్యత్వం ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

రెండో అభ్యంతరం: "హాలు మన చందాలతో కట్టుకున్నాం. అందరికీ ఎలా ఇస్తాం?"

ఇది వినడానికి న్యాయంగానే ఉంది. కాని కాస్త వెనక్కి వెళ్ళండి. లేఅవుటు వేసినప్పుడు పదోవంతు స్థలం ఉమ్మడి అవసరాలకి వదలాలన్నది నిబంధన. అలా వదిలిన స్థలంలోనే హాలు లేచింది. ఉమ్మడి అంటే గేటు లోపలివాళ్ళ ఉమ్మడి అని మనమే అర్థం చెప్పుకున్నాం. పోనీ, చందాల సంగతే మాట్లాడుకుందాం. నేనిచ్చిన చందా నా జీతంలోంచి వచ్చింది. నేను నిశ్చింతగా కూచుని నవల రాసుకోగలిగింది ఆమె వచ్చి మా ఇల్లు ఊడ్చి అంట్లు తోమినందువల్ల. ఆ లెక్కన నా చందాలో ఆమె వాటా ఎంత? లెక్కలు కట్టేవాళ్ళు అది కూడా కట్టాలి మరి.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది. దీన్ని అన్నది మా కాలనీలో నాకు ఎంతో గౌరవమున్న ఒక రిటైర్డు పెద్దమనిషి. "అమ్మాయీ, వాళ్ళకి కావలసింది నీళ్ళు, మురిక్కాలవలు, ఆస్పత్రి. పాటలూ పుస్తకాలూ కడుపు నింపుతాయా? ముందు అవన్నీ రానీ, తర్వాత నీ కళా పోషణ చూద్దువుగాని" అన్నారు.

ఇది దయతో అన్నమాట. అందుకే మరీ ప్రమాదం. దీనికి జవాబు వేరే దేశాల్లో వెతుక్కోనక్కర్లేదు, మా నెల్లూరు జిల్లాలోనే ఉంది.

1991లో మా జిల్లాలో అక్షరదీపం వెలిగింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. మా అమ్మ ప్రాథమిక పాఠశాల టీచరు. సాయంత్రమైతే కళాజాతా బృందం వచ్చేది. పెట్రోమాక్సు దీపం, రెండు డప్పులు, నడుముకి కండువాలు కట్టుకున్న ఏడెనిమిదిమంది కుర్రవాళ్ళు, అమ్మాయిలు. పాటలు, చిన్న చిన్న నాటకాలు. వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్న రైతు, బస్సు బోర్డు చదవలేక వేరే ఊళ్ళో దిగిన అవ్వ. నవ్వుతూ చూసేవాళ్ళం. పక్కన కూచున్న ముసలమ్మలు మాత్రం నవ్వేవాళ్ళు కాదు. ఆ పాట వెనకాలే పలక వచ్చేది. "చదువుకోండి" అని ఆఫీసు కాగితం పంపితే వచ్చేవాళ్ళా ఎవరైనా? డప్పు పిలిచింది కాబట్టి వచ్చారు.

అలా వచ్చిన ఆడవాళ్ళ చేతికిచ్చిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం. ఒక మామూలు ఆడది ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ కూడగట్టి సారా దుకాణం మూయించిన కథ. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు ఆ పాఠం చదివారు. చదివి పుస్తకం మూసేసి ఊరుకోలేదు. మనం మాత్రం ఎందుకు చెయ్యకూడదూ అనుకున్నారు. ఆ రోజుల్లో ప్రభుత్వం వారుణివాహిని అని ముద్దుగా పేరుపెట్టి మరీ సారాని పల్లెపల్లెకీ పంపేది. మంచినీళ్ళు రాని ఊరికి సారా తప్పకుండా వచ్చేది. కూలిడబ్బు ఇంటికి చేరకుండా దుకాణం దగ్గరే ఆగిపోయేది. దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళోకి సారా రాకుండా అడ్డం నిలబడ్డారు. దుకాణం మూతపడింది. వర్ధినేని రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా తెలిసింది.

ఆ కబురు ఊరూరా పాకింది. జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వకుండా ఆడవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడ్డుకున్నారు, అవి మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. 1992 చివరికి రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది.

"ఏం లాభమమ్మా? 1997లో సడలించారుగా, మళ్ళీ సీసాలు వచ్చాయిగా" అంటారు, నాకు తెలుసు. నిజమే. ఇల్లలకగానే పండగ కాదు. కానీ సీసాలు తిరిగివచ్చినందుకు తప్పు అక్షరానిదా? డప్పులు అటకెక్కించి, రాత్రిబడులకి దీపాలార్పేసి, "అక్షరాస్యత సాధించేశాం" అని సన్మానాలు చేసుకుని ఇళ్ళకెళ్ళిపోయినవాళ్ళదా? 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదవడం రాయడం వచ్చిన మగవాళ్ళు నూటికి 75 మంది, ఆడవాళ్ళు 59 మంది. ఆ మిగిలిన 41 మందిలో ఒకామె మా ఇంట్లో దుమ్ము దులుపుతోంది. మీ ఇంట్లోనూ ఒకామె ఉండే ఉంటుంది, చూడండి.

పెద్దమనిషిగారికి నేను చెప్పింది ఇదే. "ముందు నీళ్ళు, తర్వాత పాటలు అంటున్నారు. ఆ నీళ్ళు ఎవరడిగితే వస్తాయి బాబాయిగారూ? నలుగురూ ఒకచోట కూచుని మాట్లాడుకుంటే కదా అడగటం. నలుగురూ ఒకచోట కూచోవాలంటే ముందు ఒక పాటో కథో పిలవాలి కదా." ఆయన ఆలోచిస్తానన్నారు. అబద్ధమాడే మనిషి కాదు, ఆలోచిస్తూనే ఉండి ఉంటారు.

ఇక నాలుగో అభ్యంతరం కుర్రకారుది. "ఆంటీ, అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. అందులోనే అన్నీ నేర్చుకోవచ్చు. ఈ రోజుల్లో హాలేమిటి, పుస్తకాలేమిటి?"

ఫోను నేర్పదని నేననను. కానీ ఫోను ఒక్కొక్కళ్ళని ఒక్కో మూల కూచోబెడుతుంది. హాలు అందర్నీ ఒక చాపమీద కూచోబెడుతుంది. తను రాసిన అక్షరం వంకరపోతే పక్కనున్నామె నవ్వాలి, ఆ నవ్వుకి పౌరుషం వచ్చి మళ్ళీ రాయాలి. అప్పు కాగితం చదివి ఒకామె గుండెలు బాదుకుంటే ఇంకొకామె "నాకూ అంతే రాసుకున్నారే!" అనాలి. ఇది ఫోనులో జరగదు.

పుస్తకాల మాట ఎత్తారు కాబట్టి మన పెద్దలేం చేశారో కూడా వినండి. 1914లో బెజవాడలో గ్రంథాలయాలు నడిపేవాళ్ళంతా సభ పెట్టుకుని ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం స్థాపించారు. అయ్యంకి వెంకటరమణయ్యగారు జీవితమంతా దానికే ధారపోశారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయానికీ వయోజన విద్యకీ ముడివేసి ఊరూరా తిరిగారు. 1935లో పాతూరి నాగభూషణంగారు ఏంచేశారో తెలుసా? పుస్తకాలు పడవకెక్కించారు! పెదవడ్లపూడినుంచి కొల్లూరుదాకా కృష్ణా కాలవమీద పడవ గ్రంథాలయం. చదివేవాళ్ళు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే వాళ్ళ రేవుకి వెళ్ళింది. కాలవ ఆ ఊళ్ళని కలిపింది. మా ఊళ్ళో కూడా కాలవుంది. కాలనీని పేటనుంచి విడదీయడానికి పనికొస్తోంది.

ఇంకో సంగతి. మీ ఇంటిపన్ను రసీదు ఎప్పుడైనా కళ్ళజోడు పెట్టుకుని చదివారా? అందులో గ్రంథాలయ పన్ను అని ఒకటుంటుంది. 1960లో చేసిన పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నుమీద రూపాయికి 8 పైసలు. మూడు వేల రూపాయల పన్ను కట్టే ఇంటినుంచి 240 రూపాయలు. అద్దెకున్నవాళ్ళు కూడా అద్దెలో కలిపి ఇస్తున్నట్టే లెక్క. అంటే మనందరం ఏటా డబ్బిచ్చి మరీ పుస్తకాలు చదవకుండా ఊరుకుంటున్నాం! వసూలైన ఆ డబ్బు గ్రంథాలయాలకి సరిగా జమకావడం లేదని పత్రికల్లో తరచూ చదువుతాం, చదివి పేజీ తిప్పేస్తాం. ధనియాల పొడిలో ఊక కలిపాడని కొట్టువాడి గొంతుపట్టుకునే మనం ఈ 240 రూపాయల లెక్క ఎన్నడైనా అడిగామా?

అయిదో అభ్యంతరం పైకి ఎవరూ అనలేదు. కానీ మొహాల్లో కనిపించింది. సంస్కృతి అంటే మనది. సంగీత కచేరీ, అన్నమయ్య కీర్తనల పోటీ, కూచిపూడి అరంగేట్రం, ఇవన్నీ సంస్కృతి. వాళ్ళది మోటు. వాళ్ళకి మనం నేర్పాలి.

నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను, ఒప్పుకుంటాను. రెండో నెలలోనే ఆ భ్రమ వదిలింది. నాకు నాలుగు చరణాలకి మించి ఏ పాటా నోటికి రాదు. వాళ్ళలో అరవయ్యేళ్ళ ఆమె గంటసేపు ఆపకుండా పాడుతుంది, పుస్తకమన్నది ముట్టకుండా. సంక్రాంతికి పోటీలో మొదటి బహుమతి తెచ్చుకున్న మెలికల ముగ్గు కాలనీ ఆవిడకి నేర్పింది ఎవరో కూడా నాకు తెలుసు. బహుమతి స్టీలు డబ్బా మాత్రం నేర్పినామెకి రాలేదు.

తెలంగాణలో జహీరాబాదు దగ్గర మాచనూరులో సంఘం రేడియో ఉంది. 2008లో మొదలైంది. నడిపేది దళిత స్త్రీలు. పొలం పనులు చేసుకునేవాళ్ళే మైకు ముందు కూచుని తమ విత్తనాల సంగతి, తమ పంటల సంగతి, తమ పాటలు, తమ యాసలోనే చెప్పుకుంటారు. వాళ్ళకి మనబోటి వాళ్ళు వెళ్ళి సంస్కృతి నేర్పాల్సిన పని లేదు. మైకు అందితే చాలు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాటే సంస్కృతి అనిపించుకుంటోంది, అంతే తేడా.

తీర్మానం చేసేముందు నన్ను బుజ్జగించడానికి సంఘంవారు ఒక బేరం పెట్టారు లెండి. "మీకు కళలంటే ఇష్టం కదండీ, కాలనీకీ పేటకీ మధ్య గోడమీద మంచి బొమ్మలు వేయిద్దాం. అందంగా ఉంటుంది, వాళ్ళకీ సంతోషంగా ఉంటుంది" అన్నారు. ఏం బొమ్మలో కూడా నిర్ణయించుకున్నారు. నెత్తిన బిందె పెట్టుకుని నడుము వంచి వయ్యారంగా నడిచే పల్లెపడుచులు!

గోడకి ఇటువైపు బిందె మోసే బొమ్మ. అటువైపు బిందె మోసే మనిషి. బొమ్మకి రంగులేయడానికి మన దగ్గర డబ్బుంది. కళంటే అదే అయితే నాకా కళ వద్దు. మురుగుమీద ముగ్గేస్తే మురుగు పోదని నేనూ ఒప్పుకుంటాను. వీధి బాగుపడటమంటే గోడకి రంగు రావడం కాదు. గోడ అవతలి మనిషి ఇవతలికొచ్చి కూచోగలగడం.

మురుగంటే జ్ఞాపకమొచ్చింది. ఆ కాలవ ఎన్నో ఏళ్ళుగా పూడిపోయి ఉంది. మా సంఘం మూడు అర్జీలు పెట్టిందట, జవాబు రాలేదు. మా మధ్యాహ్నం బడిలో ఒకరోజు ఏం రాద్దామంటే "కాలవ గురించి రాద్దాం" అన్నారు. ఒక్కొక్కళ్ళు ఒక్కో వాక్యం చెప్పారు. చేతిరాత వచ్చినంతవరకూ వాళ్ళే రాశారు, ఒత్తులు నేను సర్దాను. కింద 14 సంతకాలు. 14 వేలిముద్రలు కావు, సంతకాలు! అందరూ కలిసి తీసుకువెళ్ళి ఇచ్చి, రసీదు వేయించుకుని, వారం వారం వెళ్ళి ఆ రసీదు చూపించారు. మూడో వారం పూడిక తీసే మనుషులు వచ్చారు. కాలవ పూర్తిగా బాగుపడిందని చెప్పను, కానీ నీళ్ళు కదిలాయి. రెండు ఒడ్డులా దోమలు తగ్గాయి. దోమకి కాలనీ సభ్యత్వంతో పనిలేదు కదా!

పూడిక తీసిన మరుసటి ఆదివారమే ఆ తీర్మానం. అదీ నాకు మింగుడుపడనిది.

ఇప్పుడు మీరొక్కసారి మొహరం రోజులు తలుచుకోండి. మా నెల్లూరులో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ జరుగుతుంది. ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి ఇస్తారు, ఆ కోరికే ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, ఇంటి రొట్టె, ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె. ఇచ్చేది ఏ మతమో అడగరు, పుచ్చుకునేది ఏ కులమో అడగరు. మోకాలి లోతు నీళ్ళలో పట్టుచీరా నేతచీరా ఒకేలా తడుస్తాయి. మా కాలనీ ఆడవాళ్ళలో వెళ్ళనివాళ్ళు తక్కువ. తీర్మానానికి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినావిడ కూడా తన మనవడి కోసం అదే చెరువులో ముక్కూమొహం తెలియని మనిషి చేతిలోంచి చదువు రొట్టె కళ్ళకద్దుకుని తీసుకుంది. నేను పక్కనే ఉన్నాను.

ఏడాదికోసారి చెరువులో చదువు రొట్టె పంచుకోడానికి మనకి అభ్యంతరం లేదు. వారానికి రెండుసార్లు హాల్లో చదువు పంచుకోడానికి వచ్చింది! పుణ్యమైతే పంచుకుంటాం, పాలరాయి మాత్రం పంచుకోం. ఇదెక్కడి భక్తమ్మా?

సరే, హాలు మూశారు. బడి మాత్రం మూయలేదు. ఇప్పుడు మా వరండాలో జరుగుతోంది. చిన్న వయసులోనే దుర్గాబాయమ్మ ఆడవాళ్ళని పోగుచేసి హిందీ పాఠాలు చెప్పింది. తర్వాత మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించి ఎందరికి దారి చూపిందో లోకానికి తెలుసు. ఆవిడతో నన్ను పోల్చుకునేంత అహంకారం నాకు లేదు. పాలరాతి గచ్చు దొరికేదాకా ఆవిడ ఆగలేదని మాత్రం జ్ఞాపకం పెట్టుకున్నాను.

మావారి పడక్కుర్చీ వరండాలోంచి పెరట్లోకి మారింది. "ఏమోయ్, ఈ ఇంట్లో నాకు సభ్యత్వం ఉందా, పోయిందా?" అని అడిగారు మొన్న. "మంగళవారం, శుక్రవారం లేదు" అన్నాను. కాఫీ తనే కలుపుకుని తాగుతున్నారు. చూశారా, బడివల్ల మరో మనిషి కూడా ఒక విద్య నేర్చుకున్నాడు.

కానీ వరండా చాలదు. చాలదని నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. పద్నాలుగుమంది ఇరుక్కుని కూచుంటే చంకపిల్లలు మెట్లమీద కూచోవలసివస్తోంది. వానొస్తే అదీ లేదు. ఇంకో పదిమంది వస్తామంటుంటే నేనిప్పుడు మళ్ళీ "చూద్దాంలే" అంటున్నాను. ఆ మాట నా నోట వచ్చినప్పుడల్లా నాకే ఒళ్ళు మండుతోంది.

అందుకని వచ్చే సమావేశంలో నేను మూడు మాటలు అడగబోతున్నాను. మంగళ, శుక్రవారాలు ఆ గంటన్నర హాలు తెరవాలి. హాల్లో ఒక బీరువా పెట్టి పుస్తకాలుంచాలి, అవి కాలవకి రెండువైపులా ఎవరైనా తీసుకెళ్ళవచ్చు. సంక్రాంతికి ముగ్గుల పోటీలో పేటవాళ్ళు కూడా ముగ్గు వేయాలి, స్టీలు డబ్బా గెలిచినామెకే ఇవ్వాలి. ఇంతే. వీటికి నిధులక్కర్లేదు, మంత్రులు రానక్కర్లేదు.

మీరంతా మా కాలనీలో లేరు. కానీ మీ వీధిలోనూ ఒక హాలుంటుంది. గుడి మండపమో, మహిళా మండలి గదో, తెరవని శాఖా గ్రంథాలయమో, ఏదో ఒకటి. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో రేపు కనుక్కోండి. వాళ్ళింటికెళ్ళి అడగండి. మగవాళ్ళు ఇవ్వకపోతే వాళ్ళ ఇల్లాళ్ళనడగండి, చాలా తాళంచెవులు దేవుడి గూళ్ళలోనే ఉంటాయి, దేవుడి గూడు మన చేతిలోదే కదా.

మొన్న శుక్రవారం మా ఆమె బల్ల తుడవడానికి వచ్చి, గుడ్డ పక్కన పెట్టి, నా నవల తెరిచింది. వేలు పెట్టుకుని మొదటి పేజీలో మొదటి వాక్యం చదవడం మొదలుపెట్టింది. కూడబలుక్కుని చదవడానికి చాలాసేపు పట్టింది. అయిపోయాక నావంక చూసి, "ఇంత చిన్నమాటకి అంత పెద్ద వాక్యం ఎందుకు రాసినావమ్మా?" అంది.

పాతికేళ్ళలో నన్ను ఏ విమర్శకుడూ అంత నిజంగా తిట్టలేదు. తాళంచెవి నాకెందుకు కావాలో ఇప్పటికైనా మీకర్థమైందనుకుంటాను. అవతలి ఒడ్డునుంచి మనకి రావలసిన మాటలు ఇంకా చాలా ఉన్నాయి.